జనరల్‌ని బోనెక్కిస్తే జనం రోడ్డెక్కడం తప్పా?

రాజోలు_చిన్నోడు

అందరికీ నమస్కారం అండి. నేను క్రొయేషియాలో జాదర్ అనే ఊళ్ళో ఉంటున్నాను. సముద్రం ఒడ్డున ఊరు. వచ్చి పద్నాలుగు నెలలైంది, స్కూటర్ మీద ఫుడ్ డెలివరీ. ఈరోజు ఆగస్టు 5, ఇక్కడ సెలవు. ఇళ్ళ మీద జెండాలు ఎగరేశారు, మధ్యాహ్నం దాకా ఆర్డర్లు కూడా పెద్దగా లేవు. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

నేను రోజూ వెళ్ళే పిజ్జా కొట్లో క్యాష్ కౌంటర్ వెనక, మన కొట్లలో వెంకటేశ్వరస్వామి పటం ఉండే చోట, యూనిఫారంలో ఒకాయన ఫొటో ఉంటుంది. ఎవరండీ అని అడిగితే ఓనరు నన్ను ఎగాదిగా చూశాడు. పేరు అంతే గోతోవినా. ‘అంతే’ అన్నది ఆయన పేరేనండి, నేను వాక్యం ముగించలేదు.

తెలియనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెప్తాను. 1991లో యుగోస్లావియా ముక్కలవుతున్నప్పుడు క్రొయేషియాలో సెర్బులు ఎక్కువగా ఉండే క్రాయినా ప్రాంతం తిరగబడి విడిపోయింది. 1995 ఆగస్టు 4న క్రొయేషియా సైన్యం దాన్ని మళ్ళీ పట్టుకోవడానికి దిగింది. ఆ ఆపరేషన్ పేరు ఒలుయా, అంటే తుఫాను. మర్నాడే క్నిన్ పట్నం చేతికొచ్చింది. ఈ సెలవు అందుకే. దక్షిణం వైపు సైన్యాన్ని నడిపిన జనరల్ ఈయనే. లక్షన్నర మందికి పైగా సెర్బులు ట్రాక్టర్లు కట్టుకుని ఊళ్ళు వదిలి పోయారు. పోలేక ఉండిపోయిన ముసలివాళ్ళలో చాలామందిని తర్వాత చంపేశారు, ఇళ్ళు తగలబెట్టారు.

2001లో హేగ్ ట్రిబ్యునల్, అంటే యుగోస్లావియా యుద్ధ నేరాల కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన కోర్టు, ఈయన మీద కేసు బయటపెట్టింది. ఈయన మాయమైపోయాడు. ఈయన్ని పట్టివ్వడం లేదని 2005 మార్చిలో మొదలవ్వాల్సిన యూరోపియన్ యూనియన్ చర్చలు కూడా ఆపేశారు. ఆ డిసెంబరులో కానరీ దీవుల్లో ఒక హోటల్లో దొరికాడు. 2011 ఏప్రిల్ 15న 24 ఏళ్ళ జైలన్నారు. రాజధాని జాగ్రెబ్ నడిబొడ్డు చౌరస్తాలో పెద్ద తెర మీద ఆ తీర్పు చూస్తున్న జనం ఏడ్చారు, కేకలేశారు. 2012 నవంబరు 16న అప్పీలులో ముగ్గురు జడ్జీలు విడుదల అన్నారు, ఇద్దరు ఒప్పుకోలేదు. అదే రోజు ప్రభుత్వ విమానంలో ఇంటికి వచ్చాడు. ఆ చౌరస్తాలోనే లక్షమంది దాకా పోగయ్యారు. ఇప్పుడు మా ఊరి దగ్గరే ట్యూనా చేపలు పెంచుతున్నాడు.

నా ప్రశ్న ఏంటంటే, కోర్టులో కేసు నడుస్తుంటే దేశం దేశమంతా ఒక మనిషిని అలా వెనకేసుకు రావడం తప్పా, కాదా? నా రూమ్మేట్ తప్పంటాడు. పిజ్జా ఓనర్‌ని అడిగే ధైర్యం లేక మిమ్మల్ని అడుగుతున్నా.

అబ్బులు_అమలాపురం

పేరులోనే తీర్పుంది కదా. అంతే.

చెరువుగట్టు_భీమవరం

ట్యూనాకి మేత ఏం వేస్తారు తమ్ముడూ? పెల్లెట్టా, పచ్చి చేపా?

రాజోలు_చిన్నోడు

చిన్న చేపలే వేస్తారట అన్నా, సార్డిన్ల లాంటివి. సముద్రంలోనే పెద్ద పెద్ద వలల్లో పెంచుతారు.

సుబేదార్_పాలకొల్లు

బాబూ చిన్నోడూ, ముందుగా నువ్వు బండి జాగ్రత్తగా నడుపుకో. ఇక ప్రశ్నకి వస్తాను.

కథ నువ్వు మధ్యలోంచి మొదలుపెట్టావు. 1991లో క్రొయేషియాలోని వుకోవర్ అనే పట్నాన్ని యుగోస్లావ్ సైన్యమూ సెర్బు దళాలూ 87 రోజులు చుట్టుముట్టి గుళ్ళ వాన కురిపించారు. ఊరు పడిపోయాక ఆసుపత్రిలో ఉన్నవాళ్ళని బయటికి తీసుకుపోయి, ఓవ్‌చారా అనే చోట రెండొందల మంది దాకా చంపేశారు. 1995 మేలో జాగ్రెబ్ మీద రాకెట్లు వేయించింది క్రాయినా నాయకుడు మార్తిచ్. ఆయనకి అదే హేగ్ 35 ఏళ్ళు వేసింది. నాలుగేళ్ళు ఇల్లూ వాకిలీ వదులుకుని హోటల్ గదుల్లో కాలం గడిపిన క్రొయేషియన్లు ఉన్నారు. వాళ్ళని వెనక్కి తెచ్చినవాణ్ణి నేరస్థుడు అంటే జనం ఊరుకుంటారా?

1945లో ఎర్రకోటలో నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షానవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్‌ల మీద కేసు నడిచినప్పుడు మన దేశం ఊరుకుందా? నెహ్రూ గారంతటివారు పాత ప్లీడరు గౌను దులిపి తొడుక్కుని వెళ్ళి కూర్చున్నారు. 1946 జనవరి 3న ద్వీపాంతరవాస శిక్ష వేస్తూనే ఆ చేత్తోనే రద్దు చేశారు. ఎందుకు? జనానికి భయపడి. మరి మన తాతలు చేసింది కూడా తప్పేనా?

నేను 24 ఏళ్ళు ఫిరంగి దళంలో పనిచేసినవాణ్ణి. ఏసీ గదిలో కూర్చుని యుద్ధం గురించి మాట్లాడటం తేలిక.

ప్లీడరు_ముమ్మిడివరం

సుబేదార్ గారూ, నమస్కారం. మా కోర్టులో ఏసీ లేదండి, ఫ్యాను కూడా కరెంటు ఉంటేనే.

ఎర్రకోట కేసు ఇక్కడ కలపకండి. అది రాజు మీద యుద్ధం చేశారన్న కేసు. రాజే పరాయివాడు. ఇది మామూలు జనం మీద నేరాల కేసు. రెండూ ఒకటెలా అవుతాయి?

సుబేదార్_పాలకొల్లు

చదివి రండి ప్లీడరు గారూ. ఎర్రకోటలో హత్య, హత్యకి సాయపడటం అన్న ఆరోపణలు కూడా ఉన్నాయి. పారిపోబోయిన సిపాయిల్ని కాల్పించారని. షానవాజ్ ఖాన్ మీద ఒకటి రుజువైందని కూడా అన్నారు. జనం అదేం పట్టించుకోలేదు. మీరూ పట్టించుకోలేదు, ఇప్పుడే తేలింది.

ప్లీడరు_ముమ్మిడివరం

ఒప్పుకుంటాను, ఆ ఆరోపణ ఉంది. కానీ అసలు పాయింటు అది కాదు.

అసలు పాయింటు 200 మీటర్లు. దాని గురించి ఎవరూ మాట్లాడరేం? మొదటి తీర్పులో జడ్జీలు ఒక కొలత పెట్టుకున్నారు. సైనిక స్థావరానికి 200 మీటర్ల లోపు పడ్డ గుండు స్థావరం కోసం వేసినట్టు, అంతకు మించి దూరంలో పడితే ఊరి మీదకి వేసినట్టు. ఆ లెక్కతో క్నిన్ మీద గుళ్ళు జనాన్ని తరమడానికే వేశారన్నారు. దానికి తోడు 1995 జులై 31న బ్రియూని దీవిలో అధ్యక్షుడు తుజ్‌మన్ సైనికాధికారులతో పెట్టిన మీటింగును చూపించి, సెర్బుల్ని శాశ్వతంగా పంపేయాలన్న ఉమ్మడి కుట్ర అన్నారు.

అప్పీలులో ఐదుగురు జడ్జీలూ ఏకగ్రీవంగా ఈ 200 ఎక్కడినుంచి తెచ్చారయ్యా అన్నారు. దేని మీద ఆధారపడి పెట్టారో తీర్పులో లేదు. అక్కడిదాకా సరే. మరి ఎంత ఉండాలి? 300? 400? విడుదల అన్న ముగ్గురూ చెప్పలేదు. కొలత తప్పన్నారు, సరైన కొలత ఇదీ అనలేదు, తీర్పు మాత్రం మొత్తం కొట్టేశారు. గుళ్ళు తప్పు కాకపోతే కుట్ర లేదు, కుట్ర లేకపోతే శిక్ష లేదు. పేకమేడ కింద ముక్క లాగినట్టు. ఒప్పుకోని ఇద్దరు జడ్జీలు పొకార్, అజియస్ మండిపడింది కూడా ఇందుకే.

సుబేదార్_పాలకొల్లు

గుండు టేపు పెట్టుకుని పడదండి. ఒకే ఫిరంగి, ఒకే లెక్క, ఒకే మనిషి పేల్చినా పది గుళ్ళు పది చోట్ల పడతాయి. మందు వేడెక్కితే ఒక తీరు, పైన గాలి మారితే ఒక తీరు, గొట్టం అరిగితే ఇంకో తీరు. దూరం పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. ఈ మాట మా గన్ పొజిషన్లో టీ తెచ్చే కుర్రాడు కూడా చెప్పేవాడు. 200 అని రాసినవాడు ఎప్పుడూ ఫిరంగి పక్కన నిలబడి ఉండడు.

ప్లీడరు_ముమ్మిడివరం

మరి ఎంత?

సుబేదార్_పాలకొల్లు

చెప్పానుగా, గుండుని బట్టి, గాలిని బట్టి.

ప్లీడరు_ముమ్మిడివరం

అంటే ఎంతైనా సరేనన్నమాట. రెండు కిలోమీటర్ల అవతల బడి మీద పడినా గాలిదే తప్పు.

అబ్బులు_అమలాపురం

గాలి మీద కూడా కేసు పెట్టండి ప్లీడరు గారూ.

గల్ఫ్_బాబ్జీ

సెర్బుల గురించి నన్నడగండి. దోహాలో మా సైట్లో సూపర్‌వైజర్ సెర్బు. రంజాను నెలలో ఓవర్‌టైం చేయించుకుని డబ్బులు రాయలేదు. రెండు నెలలవి పోయాయి. ఆ జాతే అంత. జనరల్ చేసింది కరెక్టే.

లంకల_టీచర్

బాబ్జీ గారూ, నాకు జీతం ఎగ్గొట్టిన స్కూలు యజమాని తెలుగువాడేనండి. మరి మనల్నందర్నీ ఎక్కడికి తరుముదాం?

గల్ఫ్_బాబ్జీ

అది వేరు.

చెరువుగట్టు_భీమవరం

మీటర్ల గొడవ వచ్చింది గనక. నా చెరువుకీ పక్క వరిచేనుకీ మధ్య ఎంత వదలాలన్నదానికి ఇప్పటికి మూడుసార్లు వచ్చి కొలిచారు, మూడుసార్లూ వేరే లెక్క. చుట్టుపక్కల ఉప్పు నీళ్ళు ఊరుతున్నాయంటే నా చెరువు నుంచే అంటారు. సముద్రం కనబడదు వీళ్ళకి. ప్లీడరు గారు చెప్పింది నిజం, కొలత అంటూ ఒకటి ఉండాలి.

సుబేదార్_పాలకొల్లు

చెరువుకీ ఫిరంగికీ సంబంధం ఏంటయ్యా.

లంకల_టీచర్

నేను చరిత్ర టీచర్నండి. అప్పుడప్పుడూ ఒక లైను రాయడమే తప్ప ఇక్కడ ఎక్కువ రాయను. కానీ నిన్నట్నుంచీ అందరూ గుళ్ళ గురించే మాట్లాడుతున్నారు. చిన్నోడు మొదటి పోస్టులో ఒక మాట రాశాడు, ఎవరూ దాని జోలికి పోలేదు. ‘పోలేక ఉండిపోయిన ముసలివాళ్ళు’ అని.

1995 సెప్టెంబరు 28న, అంటే యుద్ధం అయిపోయిన ఏడు వారాలకి, వరివోదె అనే ఊళ్ళో తొమ్మిదిమంది ముసలి సెర్బుల్ని కాల్చి చంపారు. అప్పటికి ఫిరంగులు లేవు, 200 మీటర్లు లేవు, గాలి లేదు. ఎదురుగా నిలబడి చంపారు. క్రొయేషియా కోర్టుల్లోనే కేసులు నడిచాయి. చివరికి శిక్ష పడినవాడు ఒక్కడూ లేడు.

మాది లంక. 1986 ఆగస్టు వరదప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులని తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను. అప్పుడు తెలిసింది మాత్రం నాన్న నన్ను భుజాన వేసుకుని నాటు పడవ ఎక్కించడం. మా నాయనమ్మ రాలేదు. గేదె ఈనడానికి ఉంది, దాన్ని వదిలి నేను రానంది. నాన్న బతిమాలాడు, తిట్టాడు, చివరికి ఏడ్చాడు. ఆవిడ వసారాలో గుంజని వాటేసుకుని కూర్చుంది. మూడో రోజు పడవ మళ్ళీ వెళ్ళేసరికి అటక మీద ఉంది. పక్కన ఉట్టి, ఉట్టిలో తడవకుండా దాచిన అగ్గిపెట్టె. గేదె పోయింది.

ముసలివాళ్ళు ఊరు వదలరండి. ఏ దేశంలోనైనా అంతే. మా నాయనమ్మ దగ్గరకి వచ్చింది నీళ్ళు గనక బతికింది.

నాకు తెలియాల్సింది ఇది. చౌరస్తాలో చేరిన లక్షమందిలో ఎంతమందికి వరివోదె పేరు తెలుసు? ఆయన నిర్దోషి కావచ్చు, కోర్టే చెప్పింది, నేను కాదనను. కానీ ఆయన విడుదలైతే ఆ ఊళ్ళో ఏమీ జరగనట్టు పండగ చేసుకోవడం ఏంటి?

రాజోలు_చిన్నోడు

టీచర్ గారూ, ఇక్కడ మా కిచెన్లో పనిచేసే కుర్రాడు పుట్టింది 2001లో. వరివోదె అంటే తెలుసా అని అడిగా. తెలుసన్నాడు. 2020లో వాళ్ళ ప్రధానమంత్రి అక్కడికి వెళ్ళి దండం పెట్టి వచ్చాడట. ఆ ఏడే ఆగస్టు 5న క్నిన్ పండక్కి మొదటిసారి సెర్బుల తరఫు ఉపప్రధాని కూడా వచ్చాడు. గోతోవినా కూడా ఉన్నాడు. అంటే అసలు ఒప్పుకోవడం లేదని కాదండి.

లంకల_టీచర్

25 ఏళ్ళకి.

సుబేదార్_పాలకొల్లు

అమ్మా, మీ నాయనమ్మ గారి మాట చదివి బాధపడ్డాను. అది వేరే సంగతి. కాని ఆ తొమ్మిదిమందిని చంపింది ఎవరో తాగుబోతు వెధవలు. దానికి జనరల్ ఏం చేస్తాడు? సైన్యంలో ప్రతి సిపాయి వెనకా జనరల్ నిలబడతాడా? ఇది చదువుకున్నవాళ్ళందరూ చేసే తప్పే. ఎక్కడ ఏం జరిగినా పైవాడి మెడకి చుట్టేస్తారు. కాటన్ దొర విగ్రహానికి దండలు వేస్తున్నాం కదా, ఆయన కూడా బర్మా యుద్ధంలో పోరాడినవాడే. అక్కడ ఏం చేశాడని ఏ రైతైనా అడిగాడా? మనకి నీళ్ళిచ్చాడు, దండ వేశాం. వాళ్ళకి ఊళ్ళిచ్చాడు, ఫొటో పెట్టుకున్నారు.

ప్లీడరు_ముమ్మిడివరం

మొదటిసారి నిజం చెప్పారు. మనకి మేలు చేస్తే చాలు, అవతలవాడి సంగతి మనకనవసరం. అదేగా మీ వాదన?

ఇంకోమాట. కొలత ఎందుకు పట్టుకు వేలాడుతున్నానో చెప్తాను. మా ఊరి దగ్గర ఒక గ్యాస్ బావి లీకైంది. కంపెనీ పేరు అనవసరం. కొబ్బరి చెట్లు మొవ్వులోంచి మాడిపోయాయి. నష్టపరిహారానికి గీత గీశారు, బావి నుంచి ఇన్ని మీటర్లని. నా తోట గీతకి పన్నెండు మీటర్లు అవతల. చెట్టుకి మీటర్లు తెలుసా అండి? పిటిషన్ వేశాను. గీత తప్పేనని ఒప్పుకున్నారు. ఒప్పుకుని, సరైన గీత ఏదో చెప్పకుండా, అసలు పరిహారం జాబితానే రద్దు చేశారు. నాతో పాటు గీత లోపల ఉన్న పదిమందికీ పోయింది. నా మూలంగా. ఇప్పటికీ సంతలో ఇద్దరు నాతో మాట్లాడరు. ఆ అప్పీలు తీర్పు చదువుతుంటే నాకు నా ఫైలే చదువుతున్నట్టుంది.

అబ్బులు_అమలాపురం

హేగ్ నుంచి ముమ్మిడివరం వచ్చేశాం. తర్వాత స్టాపు ఏది?

సుబేదార్_పాలకొల్లు

కొబ్బరిచెట్ల కేసుకీ, దేశం కోసం ప్రాణం పెట్టినవాడి కేసుకీ పోలికా? సిగ్గుండాలి. మీబోటి వాళ్ళు నల్లకోటు వేసుకుని మాట్లాడతారు. బుల్లెట్ చప్పుడు వింటే పంచె తడుపుకుంటారు.

ప్లీడరు_ముమ్మిడివరం

మర్యాద! నేనూ అనగలను. మీరు భారత శాంతి సేనలో శ్రీలంకలోని జాఫ్నా వెళ్ళొచ్చారని ఇంతకుముందు మీరే ఈ గ్రూపులో రాసుకున్నారు. అక్కడ మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు గనక ఇవాళ ఇంత గట్టిగా మాట్లాడుతున్నారు. అడిగి ఉంటే తెలిసేది.

గల్ఫ్_బాబ్జీ

ప్లీడరు గారూ, ఇది టూ మచ్.

చెరువుగట్టు_భీమవరం

సైనికుణ్ణి అలా అనకూడదండి. డిలీట్ చేయండి.

ప్లీడరు_ముమ్మిడివరం

డిలీట్ చేయను. ఆయన నా పంచె గురించి రాసింది కూడా డిలీట్ చేయమనండి.

గట్టు_కాపలా

గ్రూపు పెట్టిన దగ్గర్నుంచి ఇది నాలుగో తాళం. ఇద్దరికీ చెప్తున్నా, రేపు సాయంత్రం ఆరింటిదాకా ఈ చర్చ మూసేస్తున్నా. టిఫిన్ చేసి, నిద్రపోయి, లేచి రండి. వయసుకి మీ ఇద్దరూ నాకంటే పెద్దవాళ్ళు, ఇంతకంటే ఏమనలేను.

సుబేదార్_పాలకొల్లు

ఆరు దాటింది. తెరిచినందుకు థాంక్స్ కాపలా బాబూ.

నిన్న నేనన్న పంచె మాట వెనక్కి తీసుకుంటున్నాను. ప్లీడరు గారు అన్నది మాత్రం వెనక్కి తీసుకోనక్కర్లేదు. దానికి జవాబు రాస్తాను. నా మనవరాలు టైప్ చేస్తోంది, నేను చెప్తున్నాను, అందుకని కొన్ని మాటలు మింగేస్తాను.

1987లో వెళ్ళాం. శాంతి కోసం అన్నారు. దిగేటప్పుడు ఆ ఊరి ఆడవాళ్ళు మాకు పూలదండలు వేశారు. అక్టోబరుకల్లా వాళ్ళ పిల్లలే మమ్మల్ని కాలుస్తున్నారు. ఎవడు పులో, అంటే ఎల్టీటీఈ వాడో, ఎవడు పాలవాడో తెలిసేది కాదు. అందరికీ ఒకటే లుంగీ. మొత్తం మీద మనవాళ్ళు దాదాపు 1,200 మంది అక్కడే పోయారు.

ఒక ఊళ్ళో, పేరు చెప్పను, ఒక ఇల్లు పడిపోయి ఉంది. మర్నాడు పొద్దున్న ఆ దారినే నడిచాం. గోడ ఒకటే మిగిలింది. వాకిట్లో చాప మీద తాటి తాండ్ర ఆరబెట్టి ఉంది, మనింట్లో మా అమ్మ ఆరబెట్టినట్టే, పలచగా, అంచులు లేచి. దాని మీద ఇటుక పొడి. లోపల ఎవరున్నారో చూడనివ్వలేదు, ముందుకి నడవమన్నారు. ముందు రోజు రాత్రి మేమూ పేల్చాం, వాళ్ళూ పేల్చారు. ఆ గుండు మాదో వాళ్ళదో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. ఎవరైనా టేపు పట్టుకుని వచ్చి కొలిచి ఉంటే తెలిసేది. ఎవరూ రాలేదు.

1990 మార్చిలో ఓడలో మద్రాసు వచ్చాం. మమ్మల్ని ఆహ్వానించడానికి ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి రాలేదు. అప్పుడు పేపర్లన్నిటిలో వచ్చింది. సరే, మనకెందుకు, మనూరు వెళ్దాం అనుకున్నా. రైలు దిగేసరికి రాత్రి రెండైంది. హోల్డాల్ భుజాన వేసుకుని బయటకి వస్తే రిక్షా అతను పరిగెత్తుకొచ్చి, ‘మస్కట్ నుంచా అండి? టేప్ రికార్డర్ ఏమైనా తెచ్చారా?’ అన్నాడు. ఆయ్, మస్కట్ నుంచేనండి అని చెప్పాను. ఆరోజు ఇంకోమాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంట్లో కూడా ఎవరూ అడగలేదు. మా ఆవిడ వేడినీళ్ళు పెట్టింది.

ఆ జాగ్రెబ్ చౌరస్తా వీడియో నేను ఎన్నిసార్లు చూశానో మా మనవరాలికి తెలుసు. లక్షమంది. నేను చూసేది ఆయన ముఖం కాదు. ఆయనకి కోర్టూ దక్కింది, జనమూ దక్కారు. ఏడేళ్ళు జైల్లో కూర్చోబెట్టి, ప్రతి గుండూ కొలిచి, నువ్వు కాదు పో అన్నారు. నన్ను ఎవరూ కొలవలేదు ప్లీడరు గారూ. మీరన్నది నిజమే. అడిగి ఉంటే తెలిసేది. మీకు కాదు. నాకు తెలిసేది.

జనం రోడ్డెక్కడం తప్పా అని కదా చిన్నోడి ప్రశ్న. నాకు తెలీదు. నిన్న తెలుసనుకున్నా.

లంకల_టీచర్

సుబేదార్ గారూ, చదివాను. రెండుసార్లు.

ఒక్కమాట అడుగుతాను, కోపం వద్దు. ఆ ఇంటివాళ్ళకి కూడా ఎవరూ కొలిచి చెప్పలేదు కదండీ. మీరు ముప్పైఅయిదేళ్ళుగా మోస్తున్నది వాళ్ళూ అవతల మోస్తూనే ఉంటారు. నేను వరివోదె గురించి అడిగింది కూడా ఇదే. నాకు జనరల్‌ని జైల్లో వేయాలని లేదు.

సుబేదార్_పాలకొల్లు

కోపం లేదమ్మా. అంటే లోపల ఎవరో ఉన్నారనే కదా నువ్వంటున్నావు. నేను కూడా అదే అనుకుంటూ ఉంటాను.

గల్ఫ్_బాబ్జీ

బాబాయ్, మీరెప్పుడు పాలకొల్లు స్టేషన్లో దిగినా నాకు ఫోన్ కొట్టండి, నేనొస్తా. ఇంతకన్నా రాయడం నాకు రాదు.

అబ్బులు_అమలాపురం

నేను కూడా.

ప్లీడరు_ముమ్మిడివరం

సుబేదార్ గారూ, జాఫ్నా మాట అన్నది నేను. అనకుండా ఉండాల్సింది. తప్పు ఒప్పుకుంటున్నాను, ఇది రికార్డులో ఉండనివ్వండి, డిలీట్ చేయను.

200 మీద మాత్రం నా మాట మార్చుకోను. మీరు రాసింది చదివాక ఇంకా గట్టిపడింది. కొలత తప్పైతే సరిదిద్ది మళ్ళీ కొలవాలి. కొలవడం మానేయకూడదు.

సుబేదార్_పాలకొల్లు

200 మాత్రం తప్పే.

ప్లీడరు_ముమ్మిడివరం

మరి ఎంత?

చెరువుగట్టు_భీమవరం

అయ్యో రామా, మళ్ళీ మొదలు.

సుబేదార్_పాలకొల్లు

చిన్నోడూ, నువ్వుండే చోటునుంచి క్నిన్ ఎంత దూరం? కోట మీద పెద్ద జెండా ఉంటుందని చూశాను. వీలైతే ఒక ఫొటో తీసి పంపు.

లంకల_టీచర్

వెళ్తే వరివోదె కూడా చూడు నాన్నా. ఇంకా ఎవరైనా ఉంటున్నారేమో.

రాజోలు_చిన్నోడు

మ్యాపులో చూశానండి. రెండూ ఒకే వైపు, వరివోదె ముందు వస్తుంది. వచ్చే సోమవారం నాకు ఆఫ్. క్నిన్‌కి బస్సుందేమో కనుక్కుంటా, వరివోదెకి ఉంటుందని నమ్మకం లేదు. కంపెనీ స్కూటర్ ఊరు దాటించకూడదు. పిజ్జా ఓనర్ కొడుకు సైకిల్ ఖాళీగానే ఉంది, దాన్ని అడగాలి. ఎందుకని అడుగుతాడు. ఏం చెప్పాలో ఆలోచిస్తున్నా.